హత్య సమయమున అయ్యో అనవలెను

వీరేశ్వరరావు అత్తగారు సినిమా హాల్లో నవ్వుతారని కొత్తరేవులో అందరికీ తెలుసు. అది నేరమని మాత్రం మొన్న శ్రావణమాసం దాకా ఎవరికీ తెలియదు.

ఆవిడ పేరు కాసులమ్మ. అల్లుడు వీరేశ్వరరావు భ్రమరాంబా టాకీస్‌కు మేనేజరు. అందుచేత ఏ కొత్త సినిమా వచ్చినా మొదటిరోజు మ్యాట్నీకి ఆడవాళ్ల తరగతిలో, అడ్డగోడ పక్క కుర్చీ ఆవిడది. భ్రమరాంబ పాతకాలపు హాలు. ఆడవాళ్ల కుర్చీలకూ మగవాళ్ల కుర్చీలకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఇంకా ఉంది. ఊళ్లో మరో హాలు ఉండేది, అది కల్యాణమండపం అయిపోయింది. దీన్నీ మండపం చేసేస్తానని ఓనరుగారు ఏడాదికోసారి అంటూనే ఉంటారు. ఆయనకు ఒక సాకు కావాలి. లైసెన్సు పోతే ఆ సాకు దొరుకుతుంది. అప్పుడు వీరేశ్వరరావు టికెట్లు చింపించడం మానేసి, పెళ్లివారికి వంటల గాడిపొయ్యిలు ఎక్కడ తవ్వుకోవాలో చూపించాల్సి ఉంటుంది.

ఆ శ్రావణమాసంలో వచ్చింది ‘కత్తిపీట’ అనే సినిమా.

అందులో హంతకుడు గోనెసంచిలో కత్తిపీట పెట్టుకుని ఊళ్లు తిరుగుతాడు. ఏడుగురిని చంపుతాడు. ఎందుకు చంపుతాడో చివర్లో చెబుతారు గాని, అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ప్రతి హత్యకూ ముందు అతను పీట నేలమీద పెట్టి, దానిమీద కూర్చుని, పదును మీద బొటనవేలు ఆనించి చూస్తాడు. అప్పుడు డప్పులు మోగుతాయి. డప్పులు మోగగానే బెంచీ తరగతిలో ఈలలు మోగుతాయి. ఆ ఈలలు హంతకుడి కోసమా, డప్పుల కోసమా అని అంతకుముందు ఎవరూ అడగలేదు.

మొదటిరోజు మ్యాట్నీలో, మొదటి హత్య జరగబోతూ ఉండగా, కాసులమ్మ నవ్వారు.

“ఒసే, పీట తిరగేసి పెట్టాడే వీడు. పదును అటుందేంటే? వీడు ఆనపకాయ కూడా తరగలేడు.”

నిజమే. కత్తిపీట పదును కూర్చున్నవాళ్ల వైపు ఉంటుంది. కెమెరాకు మెరుపు కనబడాలని దర్శకుడు దాన్ని అటు తిప్పాడు. ఒక్కసారి ఆ సంగతి చెవిన పడ్డాక ఆడవాళ్ల తరగతిలో ఎవరూ భయపడలేకపోయారు. రెండో హత్యకు సగంమంది నవ్వారు. ఏడోదానికి, చచ్చేవాడికి ఆడవాళ్లు కుర్చీల్లోంచే ధైర్యం చెప్పారు.

అదే వారంలో రాజధానిలో ఒక సంయుక్త కార్యదర్శిగారు కుటుంబంతో సహా అదే సినిమాకు వెళ్లారు. ఆయన హాల్లో సినిమా చూసి చాలా ఏళ్లయింది. ఏడో హత్య పూర్తి కాగానే వెనక వరసలోంచి ఒకడు “వన్స్ మోర్” అని అరిచాడు. కార్యదర్శిగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఇంకొక హత్య చేయవలసిందిగా ప్రజలు బహిరంగంగా కోరుచున్నారని ఆయన మర్నాడే ఫైలు రాశారు. ఫైలు మీద సంఘం ఏర్పడింది. సంఘం నుంచి నియమావళి వచ్చింది. దాని పేరు ‘హింసాత్మక చలనచిత్ర ప్రదర్శనలయందు ప్రేక్షక ప్రతిస్పందనల క్రమబద్ధీకరణ నియమావళి’. పేరు చదవడానికి పట్టే సమయంలో సినిమాలో ఒక హత్య అయిపోతుంది.

*

హాళ్ల మేనేజర్లందరినీ జిల్లా కేంద్రానికి పిలిచి అవగాహన సదస్సు పెట్టారు. వేదిక మీద కొత్తగా నియమితులైన డివిజనల్ ప్రతిస్పందనాధికారి ఓబులేశుగారు కూర్చున్నారు. ఆయనది కదిరి వైపు. అంతవరకు కొలతల శాఖలో పనిచేశారు. భయాన్ని కొలవాలి గనుక డిప్యుటేషన్ మీద పంపారు.

“హత్యను వీక్షించు ప్రేక్షకునికి రెండు స్పందనలు మాత్రమే ఆరోగ్యకరములు,” అని ఆయన చదివారు. “హతుని యెడల జాలి, అనగా అయ్యో. హంతకుని యెడల భయము, అనగా అమ్మో. ఈల, చప్పట్లు, నవ్వు, వన్స్ మోర్, ఇవి నాలుగును హంతకునకు ప్రోత్సాహకములు గనుక నిషిద్ధములు.”

ఒక మేనేజరు లేచాడు. “అబ్బో అంటేనండి?”

“నిషిద్ధము. అందు మెచ్చుకోలు ధ్వనించుచున్నది.”

“అబ్బా?”

“నొప్పిని సూచించినచో అనుమతించవచ్చును.”

“ప్చ్?”

ఓబులేశుగారు కాగితాలు తిరగేశారు. “ప్చ్ విషయము భాషానిపుణుల పరిశీలనలో ఉన్నది. అది జాలియో, విసుగో వారు తేల్చు వరకు ఎవ్వరును ప్చ్ అనరాదు.”

వెనక ఎవరో ప్చ్ అన్నారు.

వీరేశ్వరరావు అత్తగారిని తలుచుకుని లేచాడు. “భయమేసి నవ్వేవాళ్లు కూడా ఉంటారండి. కొంతమందికి అదో తీరు.”

“నవ్వు నవ్వే. కారణముతో నిమిత్తము లేదు. మొదట నవ్విన వ్యక్తిని గుర్తించి సంజాయిషీ కోరవలెను. హాలు లైసెన్సు నిలుపుదల చేయవలెను.”

“మరి అలాంటివాళ్లని ఆ పూటకి రావద్దని చెబితేనండి?”

“నిత్యప్రేక్షకులను తనిఖీనాడు రాకుండా ఆపుట మోసము. లైసెన్సు రద్దు. హత్యాదృశ్యము నడుచుచుండగా దీపములు వెలిగించుట కూడ లైసెన్సు రద్దునకు కారణమగును. ఏలయన భయము చీకటియందే సహజముగా ఉండును.”

వీరేశ్వరరావు కూర్చున్నాడు. రద్దు అన్న మాట వినబడినప్పుడల్లా అతనికి గాడిపొయ్యి పొగ వాసన వచ్చింది.

సదస్సు అయ్యాక టీ దగ్గర ఓబులేశుగారు అతని పక్కకు వచ్చారు. వేదిక దిగితే ఆయన మాట వేరు.

“ఏమప్పా, మీ వూర్లో జనాలు సినిమాకు బాగా భయపడతారా?”

“ఆయ్.”

“ఏమంటివి?”

“ఆయ్ అన్నానండి.”

“అంటే?”

వీరేశ్వరరావు ఆలోచించాడు. పుట్టినప్పటినుంచి అంటున్న మాటే గాని, దానికి అర్థం చెప్పమని ఎవరూ అడగలేదు. “అంటే ఆయ్ అనండి. మా గోదారోళ్లం అలాగే అంటాం.”

ఓబులేశుగారు జేబులోంచి నియమావళి అనుబంధం తీసి చూశారు. అనుమతించినవాటిలో లేదు, నిషేధించినవాటిలోనూ లేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగి వెళ్లిపోయారు.

*

అత్తగారికి నవ్వొద్దని చెప్పడం మామూలు పని కాదు. పెళ్లయిన దగ్గరనుంచి వీరేశ్వరరావుతో ఆవిడ నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. అల్లుడి ఎదుట నిలబడకూడదు, అల్లుడితో సూటిగా మాట్లాడకూడదు అని ఆవిడ నేర్చుకున్న మర్యాద. వంటింటి తలుపు చాటున ఉండి కూతురితో చెబుతారు. కూతురు సత్యవేణి మొగుడితో చెబుతుంది. ముగ్గురూ ఒకరికొకరు చక్కగా వినబడేంత దూరంలోనే ఉంటారు. హాల్లో ఆవిడ నవ్వు ప్రొజెక్టరు గది దాకా వినబడుతుంది. అది వేరే సంగతి.

“మీ అమ్మగారికి చెప్పు,” అన్నాడు వీరేశ్వరరావు. “తనిఖీ నాడు ఆ హత్యలప్పుడు నవ్వకుండా ఉంటే హాలు నిలబడుద్ది.”

“అమ్మా, నవ్వొద్దంటున్నారు.”

తలుపు చాటునుంచి జవాబు వచ్చింది. “వాడు పీట తిన్నగా పెడితే నేనెందుకు నవ్వుతానమ్మా? ఆ ముక్క ఆ సినిమా తీసినోడికి చెప్పమను.”

“సినిమా తీసినవాళ్లకి మనం చెప్పలేం అను.”

“చెప్పలేరంటమ్మా.”

“మరి నవ్వొద్దని నాకైతే చెప్పగలరా?”

సత్యవేణి ఈ మాట మొగుడికి చేరవేయలేదు. అవసరం రాలేదు. కాసేపటికి మళ్లీ వినబడింది.

“పోనీలే. కొంగు నోట్లో కుక్కుకుంటానని చెప్పు. హాలుకంటే ఎక్కువేంటి.”

ఇక బెంచీ తరగతి మిగిలింది. అక్కడి పెద్ద దొరబాబు. ఆటో నడుపుతాడు, రెండు వేళ్లతో ఈల వేస్తే రేవులో పడవవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. వీరేశ్వరరావు అతన్ని టికెట్ల గదికి పిలిచి విషయం చెప్పాడు.

“అంతేనా? హాలు కోసం ఆమాత్రం అనలేమేటండి? ఒక డౌటు. అయ్యో ముందా, అమ్మో ముందా?”

“ఏదో ఒకటి అనండ్రా.”

“అలాక్కాదండి. చచ్చేవోడు మంచోడైతే అయ్యో అంటాం. మూడోవోడు వడ్డీ వ్యాపారి. ఆడికి అయ్యో అంటే మా బెంచీకి పరువు ఉంటదా?”

“వాడికి అమ్మో అను.”

“ఆయ్. అదీ మాట.”

సినిమాకు ముందు తెరమీద ఒక స్లైడు వేయాలని నియమం. ‘హత్య సమయమున అయ్యో అనవలెను.’ మొదటిరోజు స్లైడు పడగానే బెంచీ తరగతి అంతా ఒక్క గొంతుతో అయ్యో అంది. ఆ తర్వాత నిర్మాత పేరు పడితే అయ్యో అంది. హీరోయిన్ పాట మొదలైతే అయ్యో అంది. హంతకుడు చీకట్లో గుమ్మం తట్టుకుని తూలితే, “అయ్యో, చూసుకుని నడవాలండి” అంది. వారం తిరిగేసరికి అయ్యో అనడానికే జనం రావడం మొదలుపెట్టారు. హాలు నిండింది. వీరేశ్వరరావుకు సంతోషించాలో వద్దో తెలియలేదు.

మరొకటి కూడా ఉంది. ఇంటర్వెల్ తర్వాత హంతకుడు ఒక ఖాళీ ఇంటి గుమ్మంలో నిలబడి, “లోపల ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతాడు. సినిమాలో జవాబు రాదు. భ్రమరాంబలో మాత్రం మొదటిరోజు నుంచీ హాలంతా “ఆయ్” అంటుంది. పెద్దమనిషి అడిగినప్పుడు పలకకపోతే బాగుండదని.

*

తనిఖీ మ్యాట్నీకి పడింది. ఓబులేశుగారు హాలంతా తిరిగి, అన్ని తరగతులూ వినబడే చోటు కావాలన్నారు. అలాంటి కుర్చీ ఒక్కటే ఉంది. అడ్డగోడకు ఇవతల, మగవాళ్ల వైపు మొదటిది. గోడకు అవతల కాసులమ్మ కొంగు చుట్ట చుట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. వీరేశ్వరరావు లైట్ల స్విచ్చు పక్కన, ఆయన వెనక నిలబడ్డాడు.

మొదటి హత్య మొదలైంది. డప్పులు మోగాయి. ఈల లేదు. బెంచీ తరగతి అయ్యో అంది. కుర్చీ తరగతి అమ్మో అంది. కాసులమ్మ భుజాలు కదిలాయి గాని శబ్దం రాలేదు. వీరేశ్వరరావు ఊపిరి వదిలాడు. వదిలాక చూశాడు. ఓబులేశుగారు కళ్లు మూసుకుని ఉన్నారు.

రెండో హత్యకూ మూసుకున్నారు. మూడోదానికి గోడను రెండు చేతులతో పట్టుకున్నారు.

ఇంటర్వెల్‌లో ఆయన ముఖం కడుక్కుని వచ్చి సోడా అడిగారు. 

“ఇంగా ఎన్ని ఉండాయప్పా?”

“ఏవండి?”

“హత్యలు.”

“నాలుగండి.”

“నాలుగా.” ఆయన సోడా తాగారు. “శానా హాళ్లు తనిఖీ చేసినా. ఒక్క హత్య గూడా చూడలేదు నేను. నెత్తురంటే చిన్నప్పటి నుంచీ పడదు నాకు. చెవులతో కొలిచేదానికి కండ్లెందుకు అని సర్దుకుంటా ఉండా. ఎవురికీ చెప్పొద్దు.”

“ఆయ్.”

ఓబులేశుగారు గ్లాసు కింద పెట్టారు. “మళ్లా అదే మాట.”

సినిమా మళ్లీ మొదలైంది. హంతకుడు ఖాళీ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. “లోపల ఎవరైనా ఉన్నారా?”

“ఆయ్,” అంది హాలు.

ఓబులేశుగారు కుర్చీలోంచి సగం లేచి వెనక్కి తిరిగారు. “ఏమిది? అందరూ ఒక్కతూరి అన్నారే. ఇది భయమా, గౌరవమా?”

వీరేశ్వరరావుకు లైసెన్సు గుర్తొచ్చింది. కాని అబద్ధం చెప్పాల్సిన పని కూడా కనబడలేదు. “రెండూనండి. పెద్దవాళ్లు అడిగితే మాకు రెండూ ఒక్కసారే వస్తాయండి.”

ఓబులేశుగారు మళ్లీ కూర్చుని కళ్లు మూసుకున్నారు.

ఏడో హత్య మిగిలింది. అది పెద్దది. డప్పులు నెమ్మదిగా మొదలవుతాయి. ఓబులేశుగారు కళ్లు మూసుకుని గోడను పట్టుకోవడం కాసులమ్మకు కనబడింది. పక్కన ఉన్నది ఎవరో ఆవిడకు తెలుసు. కాని ఆవిడ కంటికి ఆయన తనిఖీ అధికారిగా కాక, జడుసుకున్న మనిషిగా కనబడ్డారు. నోట్లోంచి కొంగు తీసి గోడమీదుగా వంగారు.

“బాబూ, జడుసుకోకు. ఆ కత్తిపీట తిరగేసి పెట్టాడు. పదును అటుంది. దానిమీద ఆనపకాయ కూడా తెగదు. కావలిస్తే కళ్లు తెరిచి చూడు.”

ఓబులేశుగారు కళ్లు తెరిచారు. ఇన్ని హాళ్లు తిరిగాక హంతకుణ్ని చూడడం ఆయనకు అదే మొదలు. తెరమీద ఒక బొద్దుపాటి మనిషి, నల్లకోటు వేసుకుని, తిరగేసిన కత్తిపీట మీద గొంతుకూర్చుని, లేవడానికి మోకాలు పట్టుకుంటున్నాడు.

ఓబులేశుగారు నవ్వారు.

మామూలు నవ్వు కాదది. అన్ని హాళ్లలో కళ్లు మూసుకుని దాచుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. హాలు ఆయన వైపు తిరిగింది. బెంచీ తరగతి ముందు మర్యాదగా “అయ్యో” అంది. తర్వాత దానికీ ఆగలేదు. ఏడో మనిషి ఎప్పుడు చచ్చాడో ఎవరూ చూడలేదు. చివర దొరబాబు లేచి “వన్స్ మోర్” అన్నాడు. ఎవరిని అడుగుతున్నాడో స్పష్టంగానే ఉంది. అతను చూస్తున్నది తెరవైపు కాదు.

*

మేనేజరు గదిలో ఓబులేశుగారు కాగితం ముందు పెట్టుకున్నారు గాని పెన్ను తీయలేదు. వీరేశ్వరరావు ఆశ పడ్డాడు. ఒక అధికారి నవ్వితే నవ్వాడని ఎవరు రాసుకుంటారు?

“రాయాల్సిందే,” అన్నారు ఓబులేశుగారు. “కొలతల శాఖలో పనిచేసినోణ్ని. మా ఇంట్లో తక్కెడైనా తప్పు తూగితే రాసేవాణ్ని. మొదట నవ్వింది నేను. సంజాయిషీ నన్నే అడగల్ల.”

ఆయన తన పేర తానే నోటీసు రాసుకున్నారు. తానే అందుకున్నారు. తానే జవాబిచ్చారు. జవాబు సంతృప్తికరంగా లేదని తానే రాసి పైకి పంపారు. భ్రమరాంబ లైసెన్సు తుది నిర్ణయం దాకా నిలిపివేశారు. ఓనరుగారు మర్నాడే ఒక మేస్త్రీని పంపి అడ్డగోడ కొలిపించారు. మండపానికి అది అడ్డమట.

పైన పెద్ద సమస్య వచ్చింది. నియమావళి ప్రకారం హత్య చూసి నవ్వినవాడు హంతకుడి పక్షం. ప్రతిస్పందనాధికారే హంతకుడి పక్షమైతే, ఆయన అంతవరకు తనిఖీ చేసిన హాళ్లన్నీ ఏమవుతాయి? కాబట్టి ఆయన తప్పు లేదని తేలాలి. నవ్వినవాడి తప్పు కాకపోతే నవ్వించినదాని తప్పు. నవ్వించినది కత్తిపీట.

కత్తిపీట ఉపసంఘం ఏర్పడింది. సభ్యుల ఇళ్లలో కూరగాయలు ముక్కలుగానే వస్తాయి గనుక నమూనా ఒకటి కావాలన్నారు. ఓబులేశుగారు వీరేశ్వరరావు ఇంటికి వచ్చి కాసులమ్మ కత్తిపీట తీసుకున్నారు. దానికి ఎర్రలక్కతో సీలు వేసి, మెడకు చీటీ కట్టారు.

“మళ్లీ ఎప్పుడిస్తారో అడగమ్మా,” అని తలుపు చాటునుంచి వినబడింది. “చాకుతో కోస్తే వంకాయ కూర కూరలా ఉండదు.”

సమావేశ మందిరంలో ఓబులేశుగారు నేలమీద కూర్చుని ఒక సొరకాయను రెండు విధాలా తరిగి చూపించారు. పదును అటుంటే తెగలేదు. ఇటుంటే తెగింది. ఉపసంఘం ఈ మేరకు తీర్మానించింది: ‘సదరు చిత్రమందు హంతకుడు ఉపకరణమును సరియైన రీతిని వినియోగింపనందున ప్రేక్షకులయందు భయము కలుగుటలేదు. సొరకాయ (స్థానికముగా ఆనపకాయ) సైతము తెగని రీతిని హత్య గావించుట ప్రజలను తప్పుదారి పట్టించుటయే. కావున ప్రజాహితమును దృష్టియందుంచుకొని, ఏడు హత్యలను సక్రమముగా మరల గావించి చిత్రమును సమర్పించవలసినది.’

సంతకాలు పెట్టేటప్పుడు ఎవరూ దీన్ని రెండోసారి చదవలేదు. సినిమావాళ్లు చదివారు. వాళ్లకు ఇంతకంటే మంచి ఉత్తరువు ప్రభుత్వం నుంచి ఎప్పుడూ రాలేదు. కత్తిపీటతో పుట్టి పెరిగిన ఒకావిడను పెట్టుకుని, హంతకుడికి నెలరోజులు నేర్పించి, ఏడు హత్యలూ మళ్లీ తీశారు.

*

సరిచేసిన సినిమా మొదట భ్రమరాంబలోనే వేయాలన్నారు. నవ్వు పుట్టింది అక్కడ గనుక, పోయిందో లేదో అక్కడే చూడాలి. అదే హాలు, అదే జనం, అవే కుర్చీలు. నవ్వు లేకపోతే లైసెన్సు. ఉంటే మండపం. మేస్త్రీ కూడా టికెట్టు కొనుక్కుని వచ్చాడు.

ఓబులేశుగారు గోడకు ఇవతల కూర్చుని కళ్లు మూసుకున్నారు. గోడకు అవతల కాసులమ్మ. ఈసారి ఆవిడ కొంగు చుట్టుకోలేదు. “పీట తిన్నగా పెడితే నాకేం నవ్వొస్తుంది” అని ముందే కూతురితో చెప్పి వచ్చారు. దొరబాబు బెంచీమీద చెప్పులు విప్పి పైకెక్కి కూర్చున్నాడు.

హంతకుడు సంచి విప్పాడు. పీట నేలమీద పెట్టాడు. పదును తన వైపు ఉంది. కుడికాలు పీటమీద వేసి, ఎడమకాలు మడిచి, కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే ఇంటింటా ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో అలా. బొటనవేలు పదునుకు ఆనించి, తీసి, పక్కన ఉన్న చిన్న గిన్నెలో నీళ్లతో తడుపుకున్నాడు. ఆ నీళ్ల గిన్నె పాత సినిమాలో లేదు.

డప్పులు కూడా తీసేశారు.

అయ్యో లేదు. అమ్మో లేదు. ప్చ్ లేదు. దొరబాబు రెండు వేళ్లూ నోట్లో పెట్టుకుని ఉన్నాడు, ఈల రావడం లేదు.

“ఏమైందప్పా?” అన్నారు ఓబులేశుగారు కళ్లు తెరవకుండా. “హత్య అయిపోయిందా? ఏమీ వినపడల్యా.”

తెరమీద హంతకుడు తల పక్కకు తిప్పి, చేత్తో రమ్మని సైగ చేశాడు.

గోడ అవతలినుంచి గొంతు వినబడింది.

“అల్లుడుగారూ. లైట్లేయండి.”

వీరేశ్వరరావు ఆ గొంతు తలుపు చాటునుంచి, కూతురికి చెబుతున్నట్టుగా, ఇన్నేళ్లూ విన్నాడు. తనను పిలవగా వినడం ఇదే మొదలు. హత్య నడుస్తూ ఉండగా లైట్లు వేస్తే ఏమవుతుందో అతనికి కంఠతా వచ్చు. మేస్త్రీ వెనక వరసలోనే ఉన్నాడు.

“ఆయ్,” అన్నాడు. స్విచ్చు వేశాడు.

“వేయప్పా, తొందరగా వేయి,” అన్నారు ఓబులేశుగారు. లైట్లు అప్పటికే వెలిగి ఉన్నాయి. ఆయన కళ్లు మూసుకుని ఉండడం వల్ల తెలియలేదు.

హాలు వెలుగులోకి వచ్చింది. బెంచీ తరగతిలో ఒక్క కాలు కూడా నేలమీద లేదు. మేస్త్రీ కొలతటేపును గుండెకు ఆనించి పట్టుకున్నాడు. కాసులమ్మ తన బొటనవేలు పిడికిట్లో దాచుకుని కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. సినిమాను మధ్యలోనే ఆపేశారు. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆపొద్దనీ ఎవరూ అనలేదు.

మేనేజరు గదిలో ఓబులేశుగారు పెన్ను తీశారు.

“నవ్వు లేదు. ఈల లేదు. అయ్యో, అమ్మో, రెండూ వినపడల్యా. వినపడింది ఒకే మాట. అది నువ్వు అన్న మాట. ముందొకతూరి అడిగినా నిన్ను. భయమా, గౌరవమా?”

“రెండూనండి,” అన్నాడు వీరేశ్వరరావు. ఈసారి ఆలోచించలేదు.

ఓబులేశుగారు రాశారు. ‘ప్రేక్షకులయందు భయము సంపూర్ణముగా కలిగినది. ఆయ్ అను ధ్వనిని అనుమతించబడిన స్పందనలలో చేర్చవచ్చును. దీపములు నా ఆదేశము మీద వెలిగించబడినవి. లైసెన్సు కొనసాగించవచ్చును.’ దీపాల మాట అబద్ధం కాదు. కాస్త ఆలస్యంగా ఇచ్చిన ఆదేశం, అంతే.

సరిచేసిన సినిమా భ్రమరాంబలో ఆ పూట మొదటి హత్య దాకానే ఆడింది. మర్నాటికి దాన్ని తీసేసి పాత పౌరాణికం ఒకటి వేశారు. మొదటి యుద్ధానికి దొరబాబు ఈల వేశాడు. రేవులో పడవవాడు వెనక్కి తిరిగి చూశాడు.

వారం తర్వాత కాసులమ్మ కత్తిపీట సీలుతో సహా తిరిగి వచ్చింది. ఆవిడ మళ్లీ దానిమీద కూర్చోలేదు. వంటింటి మూల గోడవైపు తిప్పి ఉంచారు. వంకాయలు చాకుతోనే కోస్తున్నారు. కూర బాగాలేదని ఇంట్లో ఎవరూ అనలేదు.

“అమ్మాయ్,” అని తలుపు చాటునుంచి వినబడింది, “దాన్ని అటకమీద పెట్టమని అల్లుడుగారికి చెప్పు. పదును అటు తిప్పి.”

సత్యవేణి మొగుడి వైపు తిరిగి నోరు తెరిచింది.

“ఆయ్,” అన్నాడు వీరేశ్వరరావు, తలుపు వైపు చూసి. నిచ్చెన తేవడానికి లేచాడు.